ఉత్తర దర్వాజ

మొన్న మధ్యాహ్నం వరంగల్ కోట మళ్లీ నా చేతుల్లోనే పోయింది. పోవడం కొత్త కాదు. పద్నాలుగేళ్లప్పుడు ఒకసారి పోగొట్టాను, ఇప్పుడు ముప్పై ఒకటో ఏట ఒక్క వారంలో అయిదుసార్లు పోగొట్టాను. కంప్యూటర్‌లో ఆడే పాతకాలపు యుద్ధాల ఆటలో ఉన్న కోట అది. రాయి లేదు, మట్టి లేదు, పోతే ఎవరికీ దెబ్బ తగలదు. అయినా ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్లీ కడిగాను. నన్ను తినేస్తున్నది ఓడిపోవడం కాదు, అదే తీరుగా ఓడిపోవడం. నడుమ పదిహేడేళ్లు గడిచాయి. డిగ్రీ చదివాను, పెళ్లయింది, ఆరేళ్ల కూతురుంది. ఇన్ని అయినా, ఆ రోజు నా చేతులు ఏ తప్పు చేశాయో ఇప్పుడూ సరిగ్గా అదే చేశాయి. అది తప్పని తెలిసి తెలిసి చేశాయి.

ఆ ఆట మళ్లీ కంటబడింది ఆద్య జ్వరం వల్ల. ఆద్య నా కూతురు. ఆ వారమంతా దాన్ని బడికి పంపలేదు. గంటకోసారి నుదురు ముట్టి చూడడం, నడుమ నడుమ థర్మామీటర్ పెట్టడం, అది నిద్రపోతే ఊపిరి సరిగా వస్తోందా లేదా అని ముఖం దగ్గర చెవి పెట్టడం, ఆ చెవి తగిలి అది లేస్తే నన్ను నేనే తిట్టుకోవడం. పిల్లలకు జ్వరం మందు ఎంత పట్టాలో డాక్టరమ్మ రాసిచ్చింది, అయినా నమ్మకం కుదరక నెట్‌లో నాలుగోసారి వెతుకుతుంటే పక్కన ఒక ప్రకటన. పాత ఆటలు కొత్త కంప్యూటర్లలో ఆడుకోవచ్చట. బొమ్మలో ఒక కోట, దాని ముందు ఏనుగులు, వెనక కొండల మీద తెల్లగా మంచు. ఆ మంచును చూసే గుర్తుపట్టాను. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక చెవి ఆద్య దగ్గు మీద పెట్టి ఇది రాస్తున్నాను. ఏడో తరగతి దాకా ముంబై దగ్గర భివండిలో తెలుగు బడిలో చదివాను కాబట్టి కోపం వచ్చినప్పుడు తెలుగే చేతికొస్తుంది.

అప్పుడు మేముండేది భివండి గైబీ నగర్‌లో, మా నాన్న, అంటే బాపు, కార్ఖానాకు ఆనుకుని ఉన్న రెండు గదుల్లో. గోడకు అటువైపు పన్నెండు సాంచెలు, ఇటువైపు మేము అయిదుగురం. సాంచె అంటే మరమగ్గం. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన మావాళ్లు దాన్ని ఇంకో పేరుతో పిలవగా నేను వినలేదు. పన్నెండూ నడుస్తుంటే గోడ సన్నగా అదిరేది. బల్ల మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగకుండా అమ్మ వాటి నడుమ రెండు వేళ్ల ఎడం పెట్టి సర్దేది. దూది నుసి తలుపు సందులోంచి వచ్చి మంచినీళ్ల బిందె మీద, పచ్చడి జాడీ మీద, దేవుడి పటం మీద సన్నగా పేరుకునేది. ఇంట్లో మూత లేని వస్తువంటూ లేదు, మూత లేకపోతే గుడ్డ కట్టి ఉండేది. గంజి పట్టిన పడుగు వాసన, సాంచెలకు పోసే నూనె వాసన, వాటి మీదుగా అమ్మ పచ్చిపులుసుకు కాల్చే మిరపకాయల ఘాటు. మేమందరం అరిచినట్టు మాట్లాడేవాళ్లం. అది అరుపని నాకు తెలిసింది కల్యాణ్‌లో కాలేజీకి పోయాకే. పక్క బెంచీ అమ్మాయి ఎందుకు కొట్లాడుతున్నావని అడిగింది.

బాపు వాళ్ల అమ్మను మేము బాపమ్మ అనేవాళ్లం. ఆమె గడపలో కూచుని కండెలు చుట్టేది. నాడెలో పెట్టే చిన్న దారపు కండెలు, రోజంతా చుట్టినా చాలేవి కావు. తల ఎత్తకుండానే ‘ఏడోది ఆగింది’ అనేది. అన్న కాసేపటికి అటు నుంచి తొంగిచూసి నిజమేనని తలాడించేవాడు. పన్నెండింటి మోతలో ఒక్కటి ఆగితే ఆమె ఎట్లా పట్టేదో నాకు ఇప్పటికీ తెలియదు. శుక్రవారం సాంచెలకు సెలవు. ఆ రోజు పొద్దున లేస్తే చెవుల్లో ఏదో పోయినట్టుండేది. బాపమ్మకు శుక్రవారం మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. ఈ చప్పుడు లేకపోతే మనిషి ఎట్ల పంటడు అని విసుక్కుంటూ ఇంట్లో అందరి తలలకూ నూనె పెట్టేది. బాపుకు కూడా ఖాళీగా ఉండడం చేతనయ్యేది కాదు. గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ చొక్కాతోనే నూనె డబ్బా పట్టుకుని సాంచెల నడుమ తిరిగేవాడు. సాయంత్రానికి చొక్కా నల్లబడేది, అమ్మ అరిచేది. ఇది ప్రతి శుక్రవారం.

కంప్యూటర్ మా బట్ట కొనే సేఠ్ ఇచ్చాడు. తన ఆఫీసుకు కొత్తది తెచ్చుకుని పాతది బాపుకిచ్చాడు. అన్న శ్రీను దాని మీద బట్టల డిజైన్లు నేర్చుకుంటాడని బాపు ఆశ. మా సాంచెల మీద నేసేది ఒట్టి తెల్లబట్ట, దానికి డిజైన్‌తో ఏ పనీ లేదు. అయినా కార్ఖానా మూలన రేకులతో ఆఫీసు గది కట్టి, దాన్ని బల్ల మీద పెట్టి, మా సాంచె మీద కోసిన తెల్లబట్ట ముక్కే కప్పారు. పని దినాల్లో ఓల్టేజీ నిలిచేది కాదు, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. అందుకే అది శుక్రవారం వస్తువు అయింది. అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. డిజైన్లు ఎన్ని నేర్చుకున్నాడో తెలియదు గాని, ఎవరి దగ్గరో ఈ ఆట సీడీ తెచ్చాడు. దేశదేశాల పాత యుద్ధాలు, వాటిలో ఒకటి మన వరంగల్. బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు. ఢిల్లీ సైన్యం వస్తుంది, పొద్దుగుంకే దాకా కోట కాపాడాలి. ఒక శుక్రవారం బాపమ్మ నూనె గిన్నెతో అన్నను వెతుక్కుంటూ వచ్చి తెర వైపు చాలాసేపు చూసింది.

“ఓరుగల్లుల మంచెక్కడిది బిడ్డా?” అంది.

పరదేశపోళ్లు చేసిన ఆట అని అన్న చెప్పాడు.

“అయితేంది? ఒకపారి వచ్చి చూసి చెయ్యద్దా మరి. గాడ ఎండకు మన్ను పలుగుతది” అని, వాడి తలకు నూనె పెట్టి వెళ్లిపోయింది.

నా చోటు కుర్చీ వెనక, నేసిన బట్టల కట్ట మీద. అక్కడ కూచుని చూడడం నా పని. అన్న ముందుకు పోతుంటే, ఎడమ నుంచి గుర్రాలు వస్తున్నాయి, వెనక విలుకాళ్లకు బాణాలు అయిపోయాయి అని నేను చెప్పేదాన్ని. చెప్పింది నిజమైతే వాడు ‘ఊ’ అనేవాడు, అబద్ధమైతే వెనక్కి తిరిగి చూసేవాడు. వెనక్కి తిరిగి చూడడం తక్కువ. ఆట మొదలుపెట్టగానే పేర్ల పట్టిక వచ్చేది. శ్రీను ఒకటి, శ్రీను రెండు, అట్లా తొమ్మిది వరకు. కింద ఒక ఖాళీ గడి, అందులో గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉండేది. ఆ గడిలో నా పేరు ఉండాలని ఎంత కోరిక పుట్టిందో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. మా ఇంట్లో నా పేరు రాసిన వస్తువు ఏదీ లేదు. బడి పుస్తకాలున్నాయి, కానీ అవి ఏడాదికోసారి చేతులు మారేవి. పట్టికలో పేరుంటే ఆ ఆట నాది, నాదైతే శుక్రవారం సగం పూట ఆ కుర్చీ నాది. అదీ నా లెక్క.

ఎన్ని శుక్రవారాలు వెంటపడ్డానో. ఆడపిల్లకెందుకనే మాట అన్న ఎప్పుడూ అనలేదు, అంత మటుకు న్యాయం. నీకు రాదు అన్నాడు, అంతే. చివరికి ఒకరోజు కుర్చీ తిప్పి నా వైపు కూచున్నాడు.

“గెలిస్తే పెడ్త నీ పేరు.”

“ఏది గెలిస్తే?”

వాడు పట్టిక పైకీ కిందికీ తిప్పాడు. “వరంగల్. ఒక్కటే ఆట. మొదటిసంది ఆఖరుదాక నువ్వే ఆడాలె, నేను నోరు తెరువ. ఓడితే మళ్ల అడగద్దు.”

“అడగ.”

“అమ్మతోడు?”

“అమ్మతోడు” అన్నాను. అంత తొందరగా ఎందుకన్నానో.

ఇక్కడ బాపు నేర్పిన పాఠం గురించి చెప్పాలి, ఎందుకంటే నన్ను ముంచింది అదే. బడి లేని రోజు మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె నేనే పట్టుకుపోయేదాన్ని. సాంచెల పట్టాలు జుట్టు లాగేస్తాయని అమ్మ నా జడను ముడి వేసి, దాని మీద గుడ్డ బిగించి కట్టి పంపేది. మిగతా ఎనిమిదింటికీ పనివాళ్లుండేవాళ్లు, నాలుగు సాంచెలు బాపు తనే నడిపేవాడు. ఆయన గోడవారగా కూచుని తింటున్నంతసేపు ఆ నాలుగూ నావి. ఇటు రెండు, అటు రెండు, నడుమ ఒక మనిషి పట్టే దారి. కండె అయిపోయినా, పేక తెగినా సాంచె ఆగుతుంది. పరుగెత్తి కండె మార్చాలి, తెగిన పోగు పట్టి ముడెయ్యాలి, మళ్లీ నడపాలి. అంతలో వెనక ఇంకోటి ఆగుతుంది. మొదటి రోజు ఏది చూడాలో తెలియక నడుమ నిలబడి నాలుగింటి వైపూ తల తిప్పుతుంటే, బాపు నోట్లో ముద్దతోనే చెప్పాడు.

“ఆగినదాని కాడికే ఉరుకు. నడిచేటిది దాని పని అది చేసుకుంటది. దాన్ని చూడకు.”

అంత మంచి మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి చూపు కంటే ముందు కాలు కదిలేది. బాపు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు, తీరిగ్గా నీళ్లు తాగేవాడు. నా బిడ్డ నిలబడితే నాకు అన్నం అరుగుతది అని పనివాళ్లతో చెప్పాడట. ఆ మాట నేను చాలా రోజులు మోశాను.

ఆ యుద్ధం జరగాల్సిన శుక్రవారానికి వారమంతా తయారయ్యాను. నోటుపుస్తకం వెనక అట్ట మీద కోట గీశాను, ఏ దర్వాజ దగ్గర ఎన్ని ఏనుగులుంటాయో రాసుకున్నాను. ఆ రోజు పొద్దున తలస్నానం చేసి, ఎవరూ అడక్కముందే కండెల గంపలు సర్దేసి ఆఫీసు గదిలోకి వెళ్లాను. అన్న ఆట పెట్టి, లేచి, నా బట్టల కట్ట మీద కూచున్నాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. కుర్చీలోంచి చూస్తే తెర ఎంత పెద్దగా ఉందో, కోట ఎంత నాదిగా ఉందో. కార్ఖానాలో బాపు నూనె డబ్బా మూత టక్కు టక్కుమంటోంది, అంతకు మించి చప్పుడు లేదు.

మొదట తూర్పు దర్వాజ మీదికి వచ్చారు. దర్వాజ మీద దాడి జరిగితే నగారా మోగుతుంది, తెర అంచున ఆ దిక్కు ఎర్రగా వెలుగుతుంది. నగారా మోగగానే నా చెయ్యి అటు ఉరికింది. ఏనుగుల్ని తోలాను, విలుకాళ్లను గోడ ఎక్కించాను. వాళ్లు వెనక్కి తగ్గారు. ఊపిరి తీసుకునేలోపు దక్షిణం ఎర్రబడింది. ఏనుగుల్ని అటు తిప్పాను. దక్షిణం చల్లారింది, పడమర మోగింది. ఎక్కడ తెగితే అక్కడికి పోయాను, ముడి వేశాను, మళ్లీ నడిపాను. ఎంత బాగా చేస్తున్నానో అనుకున్నాను కూడా. వెనక అన్న ఊపిరి బిగపట్టడం వినిపించింది, అదీ మెప్పే అనుకున్నాను. ఉత్తర దర్వాజ ఒక్కసారీ మోగలేదు. దాని దీపం మొదటి నుంచీ పచ్చగానే ఉంది. అది దాని పని చేసుకుంటోంది కదా అని, పడమర మూడోసారి మోగినప్పుడు అక్కడి కాపలావాళ్లను కూడా తీసి ఇటు తెచ్చాను. దాన్ని చూడలేదు. తర్వాత ఎప్పుడో, నగారా లేకుండానే, రాతిగోడ లోపల, నడిబజారులో, వేరే రంగు జెండాలు కనిపించాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు వెంటనే అర్థం కూడా కాలేదు. ఉత్తరం వైపు పోయి చూస్తే దర్వాజ తెరుచుకుని ఉంది. అక్కడ కొట్లాటే జరగలేదు. ఆపడానికి ఎవరూ లేకపోతే నగారా ఎందుకు మోగుతుంది?

అన్న బట్టల కట్ట మీంచి లేచాడు. తర్వాత “అయిపాయె. లే” అన్నాడు.

“అన్నా, ఇంకొక్కసారి. ఉత్తరం దిక్కు చూడలే, గంతే. ఇప్పుడు తెలిసింది.”

“అమ్మతోడు అన్నవ్.”

నేను లేవలేదు. వాడు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు, లాగలేదు, అట్లాగే నిలబడ్డాడు. నా ఏడుపు విని బాపు నూనె చేతులతో వచ్చి ఏమైందని అడిగాడు. కోట పోగొట్టింది అని అన్న చెప్పాడు. బాపు తెర వైపు చూసి, ఆగిన సాంచె గురించి అడిగినట్టే, ఏ దిక్కు కెళ్లి వచ్చిండ్రని అడిగాడు. ఉత్తరం అన్నాను. ఆయన ఆలోచించి, తలాడించి, నూనె డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. నువ్వు చెప్పినట్టే చేశాను బాపు అని నోటి దాకా వచ్చింది. అనలేదు. నా వల్ల బాపు ఎక్కువ తిన్న ఆ రెండు ముద్దలు గుర్తొచ్చాయి.

మళ్లీ అడగలేదు. అడగడానికి వ్యవధి కూడా లేకపోయింది. రెండు నెలలకు కంప్యూటర్ లోపల దూది నుసి పేరుకుని, ఒక శుక్రవారం పొగ వచ్చి, మళ్లీ వెలగలేదు. ఇంట్లో అన్నిటికీ గుడ్డ కట్టే అమ్మ దాని వెనక సందుకు గుడ్డ కట్టాలని ఎరగదు. శ్రీను తొమ్మిదీ దానితోనే పోయాయి, నాకు అది కొంచెం తృప్తిగా కూడా ఉండింది. అన్న బాపు పక్కన నాలుగు సాంచెలు పట్టాడు. నేను చదువులో పడ్డాను. ఓడిపోయినందుకు కాదు గాని, ఓడాక రెండో ఆట ఇవ్వనందుకు వాడి మీద ఒక పోగు కోపం ఎక్కడో తెగకుండా ఉండిపోయింది. రాఖీ కడుతూ కూడా అప్పుడప్పుడు గుర్తొచ్చేది.

ఇప్పుడు మేముండేది భివండిలోనే అంజూర్ ఫాటాలో, అయిదో అంతస్తు ఫ్లాట్‌లో. గోడ అదరదు. గ్లాసుల నడుమ ఎడం అక్కర్లేదు. కింద గోడౌన్ల దగ్గర ట్రక్కులు వెనక్కి వచ్చేటప్పటి కూత తప్ప చప్పుడు లేదు. బాపు సాంచెలు తుక్కు కింద పోయాయి, కార్ఖానాలో ఎవరో అట్టపెట్టెలు పెట్టుకున్నారు. బాపు, అమ్మ అన్న దగ్గరే ఉంటారు, ఇక్కడికి ఆటోలో పావుగంట. బాపు టీవీ గట్టిగా పెట్టి దాని ముందే నిద్రపోతాడు, ఆపితే లేస్తాడు. అమ్మ మా ఇద్దరినీ ఎట్లా పెంచిందో తలుచుకుంటే నాకు అసూయ పుడుతుంది. జ్వరం వస్తే నూలు మూటల మీద పడుకోబెట్టి, పనిలో పనిగా వచ్చి మునివేళ్ల వెనకతో మెడ ముట్టి చూసేది, అంతే. అంత మోతలో మేము దగ్గినా ఆమెకు వినపడేది కాదు. వినపడలేదు కాబట్టి ఆమె నిద్రపోయింది. నాకు ఈ ఇంట్లో అన్నీ వినపడతాయి. దగ్గు మోగుతుంది, బడి ఫోను మోగుతుంది, బడి బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే నాలో ఏదో మోగుతుంది. ఒక్క పిల్ల, రెండు గదులు, అయినా రోజంతా ఉరుకుతూనే ఉంటాను. నువ్వు కాసేపు కూచో అని మా ఆయన అంటాడు. ఎట్లా కూచుంటారో ఎవరూ నేర్పలేదు.

రాఖీ రోజు అన్న వచ్చాడు. ఆద్యకు జ్వరం తగ్గి దగ్గు మిగిలింది. రాఖీ కట్టించుకుని, మిఠాయి తిని, మేనకోడలిని ఒళ్లో కూచోబెట్టుకుని, కిందికి ఆడుకోను పోవా అని అడిగాడు. కింద పిల్లల అరుపులు కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి.

“అమ్మ నకో అంటది, మామా” అంది ఆద్య. నకో అంటే వద్దు, బడిలో నేర్చిన మరాఠీ. ఫిర్యాదులా కూడా అనలేదు. ఈ రోజు మంగళవారం అన్నట్టు అంది.

కింద ట్రక్కులు తిరుగుతాయని, దగ్గు తగ్గలేదని, నేను గబగబా చెప్పాను. మాట మార్చడానికే ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాను. మంచు చూడగానే వాడు నవ్వాడు. ఆడు చూద్దాం అన్నాడు. ఆడాను. వాడు నా వెనక, మడతపెట్టాల్సిన బట్టల కుప్ప పక్కకు జరిపి కూచున్నాడు. ఉత్తరం చూడాలి, ఉత్తరం చూడాలి అని మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. నగారా మోగింది. చెయ్యి ఉరికింది. ఇక చెప్పేదేముంది. నడిబజారులో జెండాలు.

“నువ్వింక తెగిన పోగు కాడికే ఉరుకుతున్నవ్” అన్నాడు అన్న.

“నువ్వు ఎట్ల గెలిచినవో చెప్పు మరి” అన్నాను. గొంతు అవసరానికి మించి లేచింది, గైబీ నగర్ గొంతు.

వాడు చేతికున్న రాఖీ అటూ ఇటూ తిప్పాడు. “నేను గెలిసిన్నని ఎవరన్నరు?”

నేను ల్యాప్‌టాప్ వదిలి వాడి వైపు తిరిగాను.

“నాలుగుసార్లు ఆడిన. నాలుగుసార్లు పోయింది. నేనూ నీ లెక్కనే ఉరికేది. బాపు నాకూ గదే నేర్పె గద.”

“మరి నాకెందుకిచ్చినవ్ గా ఆట?”

“నీకన్న అయితదేమో అనుకున్న. వెనక కూసోని అన్ని చూసేదానివి గద.”

ఈ మాటకు సంతోషపడాలి. ఎవరైనా పడతారు. నాకు ఒళ్లు మండింది. వాడు నాలుగుసార్లు ఓడిన దాన్ని నాకు ఒక్కసారికి ఇచ్చి, ఒక్కదానికే అమ్మతోడు వేయించుకున్నాడు. పదిహేడేళ్లు నేను చేతకానిదాన్ని అనుకున్న చోట, ఆ ఇంట్లో చేతనైనవాళ్లే లేరు. మరి రెండోసారి ఎందుకు ఇవ్వలేదని అడిగాను. ఏడ్చినప్పుడైనా ఇవ్వచ్చు కదా అన్నాను.

వాడు పక్కనున్న కుప్పలోంచి ఒక బట్ట తీసి మడతపెడుతూ చెప్పాడు. “రెండోసారి ఇస్తే నీకైతుండె.”

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నేను కదల్లేదు. కుర్చీ వీపు పట్టుకుని లాగకుండా నిలబడిన ఆ చేతులు గుర్తొచ్చాయి. వాడికప్పుడు పద్దెనిమిదేళ్లు, బాపు నాలుగు సాంచెలు అప్పగించే రోజులు దగ్గరపడుతున్నాయి, వాడికి సొంతమైనది ఆ శుక్రవారం కుర్చీ ఒక్కటే. ఇవన్నీ నాకు అర్థమవుతాయి. అర్థమైతే కోపం పోతుందని ఎవరన్నారో గాని, పోలేదు.

ఆద్య నా ఒళ్లోకి ఎక్కి తను ఆడతానంది. కొత్త ఆటకు ఖాళీ గడి వచ్చింది, గీత వెలుగుతూ ఆరుతోంది. తన పేరు తనే ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టుకుంది, అందుకు ఎవరి అనుమతీ అడగలేదు. నగారా మోగింది. నా చెయ్యి దాని చెయ్యి మీదికి పోయింది.

“అమ్మా, హాత్ లావూ నకో. చెయ్యి తియ్యి. నేనే ఆడ్త.”

తీశాను. మళ్లీ మోగింది. మళ్లీ పోయింది నా చెయ్యి, ఈసారి అది మాట్లాడకుండా తోసేసింది. ఆద్య ఏ దర్వాజ వైపూ చూడలేదు. ఉన్న ఏనుగులన్నిటినీ వరసగా నిలబెట్టి, ఉత్తర దర్వాజ తెరిచి, బయటికి తోలింది. వెనక కోట తగలబడుతోంది. ఏనుగులు తీరిగ్గా కొండ ఎక్కుతున్నాయి. ఎక్కడికే అని అడిగాను. మంచులో ఆడుకోవడానికట. ఆరు నిమిషాల్లో కోట పోయింది. ‘పోయింది’ అని నవ్వి, ఒళ్లోంచి జారి, మామ చెయ్యి పట్టుకుని, ఇప్పుడు కిందికి పోదామంది. నన్ను అడగలేదు. మామనడిగింది.

అన్న నా వైపు చూశాడు. ఆద్య దగ్గింది, నా కంటే ముందు నా కాలు లేచింది. “నేనుంట గద దాని ఎంబడి” అన్నాడు వాడు. “నువ్ ఆడు. ఎన్నిసార్లన్న ఆడు.”

ఆ మాట అప్పుడు అని ఉంటే, అనుకున్నాను. వాళ్ల చెప్పుల చప్పుడు మెట్ల మీద అయిదో అంతస్తు నుంచి ఒకటో అంతస్తు దాకా విన్నాను. తర్వాత వినపడలేదు. కిటికీ దగ్గరికి పోయి, సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చి కూచున్నాను. పట్టికలో ఆద్య ఒకటి ఉంది. ఇన్నిసార్లూ గడి ఖాళీగానే వదిలి ఆడినదాన్ని, ఇప్పుడు దాని కింద గడిలో నా పేరు కొట్టాను. తూర్పు నగారా మోగితే పళ్లు బిగబట్టి ఉత్తరం వైపే చూస్తూ కూచున్నాను. ఉత్తర దర్వాజ నిలబడింది. తూర్పు దర్వాజ పడిపోయింది.

కుక్కర్ కట్టేసి వచ్చి, మళ్లీ మొదటి నుంచి పెట్టాను.